రెండు డబ్బాల పొయ్యి

పుల్లని చెవి దగ్గర పెట్టుకుని విరిచేది ఆవిడ. టప్పుమంటే సంచీలోకి, మెత్తగా వంగితే రోడ్డు పక్కకి. పొద్దున్నే భిలాయి సెక్టర్ ఆరులోంచి ఫస్టు షిఫ్టు సైకిళ్ళు గుంపులు గుంపులుగా ఉక్కు ప్లాంటుకి పోతుంటే, వాటిని తప్పించుకుంటూ, వేపచెట్ల కిందా గుల్‌మొహర్ చెట్ల కిందా వంగి పుల్లలేరుకుంటూ ఎదురొచ్చేది. చిటికెనవేలి లావు దాటితే వద్దు, జానెడు పొడుగు దాటితే వద్దు. పలకరిస్తే వెంటనే జవాబు చెప్పేది కాదు. చేతిలో పుల్ల విరగాలి, ఆ చప్పుడు తను వినాలి.

"పచ్చిది. ఇది కట్టె కాదు బాబూ, కూర," అని దాన్ని పారేసి, అప్పుడు తీరిగ్గా, "ఏటి, బాగున్నావా?" అనేది.

పోయిన నెల భిలాయి-3 నుంచి ఆవిడ కూతురు ఫోన్ చేసింది. అమ్మ పోయింది అన్నయ్యా అంది. ఎప్పుడు, ఎలా అని అందరూ అడిగేవే నేనూ అడిగాను. ఫోన్ పెట్టేశాక ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. కిందికి దిగి మా అపార్ట్‌మెంటు ముందున్న వేపచెట్టు కింద ఒక ఎండుపుల్ల తీసి, చెవి దగ్గర పెట్టుకుని విరిచాను. వాచ్‌మన్ వింతగా చూశాడు. చూడనీ.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాయడానికి అభ్యంతరమేమీ లేదు గానీ, మేమెవ్వరం ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్ళం కాదు. ప్లాంటు క్యాంటీన్లో అందరికీ దీదీ, మా తెలుగువాళ్ళకి పిన్ని. శ్రీకాకుళం వైపు మనిషి. భర్త పోయాక ఆయన బదులు ఆవిడకి ఉద్యోగమిచ్చి క్యాంటీన్లో పెట్టారు. నేనావిణ్ణి ఎరిగేనాటికి అక్కడ పదిహేనేళ్ళ నుంచి ఒకే చోట నిలబడి టీ కాస్తోంది. నేనప్పుడు కొత్తగా చేరిన ఇంజినీర్ని. భిలాయిలోనే పుట్టి పెరిగిన బాపతు కాబట్టి హిందీ గడగడా వచ్చేది, తెలుగు మాత్రం వాక్యం సగంలో ఆగిపోయేది. ఆవిడ గ్లాసు అందిస్తూ నేను తడుముకుంటున్న మాట కోసం ఓపిగ్గా చూసేది. చివరికి, "నీ తెలుగు పొగేస్తంది బాబూ. కాస్త ఎండబెట్టుకుని తే," అనేది.

పొగంటే ఆవిడకి అంత అసహ్యం. కళ్ళు మండుతాయని కాదు. పొగంటే మండకుండా పారిపోయిన కట్టె అని ఆవిడ లెక్క. మనం ఏరుకొచ్చి, మోసుకొచ్చి, పొయ్యిలో పెట్టిన కట్టె మన కళ్ళముందే దర్జాగా గాల్లోకి లేచిపోతుంటే చూస్తూ ఊరుకునేవాళ్ళంటే జాలి కూడా పడేది కాదు. డ్యూటీ దిగి గేటు బయటికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి ప్లాంటు చిమ్నీల వైపు చూసేది. ఏ గొట్టంలోంచైనా పొగ మరీ నల్లగా వస్తుంటే, "ఎవుడో సరిగ్గా అంటించనేదు," అని తేల్చేసి నడక సాగించేది. మాలాంటి ఇంజినీర్లు పక్కన ఉన్నా సరే, ఆ మాట మెల్లగా అనాలన్న మొహమాటం ఆవిడకి లేదు.

తొంభైల్లో మాకొక నడక క్లబ్బు ఉండేది. చలికాలంలో నాలుగు రోజులు సెలవు పెట్టి, బరువులు వీపున వేసుకుని కొండల్లో నడిచి వచ్చేవాళ్ళం. కొత్తగా చేరినవాడి నెత్తిన ఏదో ఒకటి రుద్దాలి కదా, నన్ను సెక్రటరీని చేశారు. సెక్రటరీ అంటే రిజిస్టరు రాసేవాడు, టీ పెట్టేవాడు, ఏది మరిచిపోయినా తిట్లు తినేవాడు. క్లబ్బుకి పెద్ద మా సీనియర్ ఇంజినీరు ఒకాయన. ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసులో చేసేవారు, విజయనగరం వైపు మనిషి. ఆయన్ని సారు అనే అందరం పిలిచేవాళ్ళం.

ఆ ఏడాది నేనొక ఘనకార్యం చేశాను. కొండల మీదికి తీసుకుపోవడానికి కట్టెల పొయ్యి ఒకటి నా బుర్రతో గీసి, కోహ్కాలో ఒక వెల్డింగు షాపులో చేయించాను. పది మిల్లీమీటర్ల ప్లేటు, మూడు కాళ్ళు, రెండు పిడులు. మా ఊరివాళ్ళకున్న జబ్బే అది. ఉక్కు మధ్య పెరిగినవాళ్ళకి తేలికైన వస్తువంటే నమ్మకం కుదరదు. మా ఇళ్ళల్లో స్టూలు జరపాలన్నా ఇద్దరు పట్టాలి. రిక్షాలో వేసుకుని ఆ పొయ్యిని ఆవిడ క్వార్టరుకి తీసుకెళ్ళాను, మెచ్చుకుంటుందని. రిక్షా అతనూ నేనూ కలిసి గుమ్మంలో దింపాం.

"నూరేళ్ళుంటుంది పిన్నీ," అన్నాను.

ఆవిడ కొంగు బొడ్లో దోపుకుని, వంగి, పిడులు పట్టుకుని ఎత్తబోయింది. బెత్తెడు లేపి దించేసింది. "ఉంటది బాబూ. ఎక్కడికీ ఎల్లనేదు గదా, ఉండక ఏటి సేస్తది?" అంది. పొయ్యి చుట్టూ ఒకసారి తిరిగి, "దీన్ని మొయ్యడానికి ఒక మనిషి కావాల. ఆ మనిషికి వొండి పెట్టడానికి ఇంకో పొయ్యి కావాల," అంది.

రిక్షా అతనికి తెలుగు రాదు గానీ, నా మొహం చూసి నవ్వాడు. ఆ పొయ్యి తర్వాత అదే గుమ్మంలో, గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డంగా కాపురం చేసింది. ఆవిడ రిటైరై క్వార్టరు ఖాళీ చేసినప్పుడు దాన్ని ఎత్తేవాళ్ళు లేక అక్కడే వదిలేశారట.

నేను మొహం మాడ్చుకుని కూర్చున్నాననేమో, ఆవిడ లోపలికెళ్ళి మేకుకి వేలాడుతున్న డబ్బా ఒకటి తెచ్చింది. చూడ్డానికి చెత్తబుట్టలో వెయ్యాల్సిన వస్తువులా ఉంది. పెద్ద వనస్పతి డబ్బాలో చిన్న పాలపొడి డబ్బా దింపి ఉంది. పెద్దదానికి కింద చుట్టూ కంతలు. చిన్నదానికి అడుగంతా కంతలు, మళ్ళీ మెడ చుట్టూ ఒక వరస కంతలు. రెండు డబ్బాల మధ్య వేలెడు సందు, ఆ సందుని పైన రేకుముక్కతో మూసేసింది. గిన్నె ఆనడానికి మూడు సైకిలు చువ్వలు వంచి పెట్టింది. ఆ సైకిలు భర్తది. ఆయన ఇరవై ఏళ్ళు షిఫ్టులకి తొక్కిన సైకిలు. మొత్తం పొయ్యి బరువు గ్లాసుడు నీళ్ళంత ఉండదు.

పుల్లలు నిండా పేర్చింది. నేను అగ్గిపుల్ల గీసి అడుగు కంతల దగ్గర పెట్టబోతే చెయ్యి మీద ఒక్కటి వేసింది. నిప్పు పైనుంచి పెట్టాలట. నాలుగు ఎండుటాకులు పుల్లల పైన వేసి అక్కడ అంటించింది. నాకు నమ్మకం లేదు. కాసేపు కొంచెం పొగ వచ్చింది. ఆ తర్వాత లోపలి డబ్బా మెడ దగ్గర ఉన్న కంతల్లోంచి, ఒక్కో కంతలోంచి ఒక్కో నాలుక, గ్యాసు పొయ్యి మీదలాగ చుట్టూ మంట లేచింది. పొగ ఎక్కడుందని వెతికాను. లేదు. గుప్పెడు పుల్లలతో రెండు గ్లాసుల టీ అయింది. ఇది ఎక్కడ నేర్చుకున్నావు పిన్నీ అంటే, "ఇన్నాను," అని ఊరుకుంది.

టీ తాగాక, తననీ కొండల్లోకి తీసుకెళ్ళమంది. పదిహేనేళ్ళు నిలబడే ఉన్నాను, నడిస్తే ఎలాగుంటదో సూడాల అంది. అదొక్కటే ఆవిడ నన్నడిగిన కోరిక.

నేను వెంటనే ఒప్పుకున్నాను. ఒప్పుకుని ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. క్యాంటీన్ మనిషి మనతో నడవడమేమిటని ఎవరైనా అంటారేమోనని, ఎవరూ అనకముందే నేనే భయపడి, రిజిస్టరులో ఆవిడ పేరు పక్కన కుక్ అని రాశాను. మిగతా ఎనిమిదిమంది పేర్ల పక్కన ఏమీ లేదు. సంతకం పెట్టడానికి వచ్చినప్పుడు ఆవిడ వేలు ఆ మాట దగ్గర ఆగింది. ఇంగ్లీషు చదవడం రాదు గానీ ఆ నాలుగు అక్షరాలూ ఆవిడకి బాగా తెలుసు. క్యాంటీన్ డ్యూటీ చార్టులో పదిహేనేళ్ళుగా తన పేరు పక్కన చూస్తున్న మాటే.

"ఇదేటి బాబూ?"

ఊరికే, సెలవు తేలిగ్గా దొరుకుతుందని రాశానన్నాను. ఆవిడ నా మొహం కేసి చూసింది, పుల్లని చూసినట్టే. నేను వంగానో విరిగానో తెలిసిపోయి ఉంటుంది.

"సర్లే. ఎల్లొచ్చినాక మాటాడదాం," అని సంతకం పెట్టింది.

అమర్‌కంటక్ వైపు కొండలు. సాల్ చెట్ల అడవి, పొద్దున్నే గడ్డి మీద తెల్లగా మంచు. ఆవిడ చీర మడమల పైకి కట్టి, కాన్వాసు బూట్లు వేసుకుని, కూతురి స్కూలు సంచీ వీపుకి తగిలించుకుని నడిచింది. సంచీ వెనకాల డబ్బా పొయ్యి వేలాడుతూ అడుగు అడుగుకీ టిక్కు టిక్కుమనేది. నడుస్తూనే పుల్లలేరేది, చెవి దగ్గర విరిచేది. మేం ఎక్కడ చతికిలబడితే అక్కడ ఆవిడ మమ్మల్ని దాటి ముందుకెళ్ళి నిలబడేది. ఎక్కుతున్నప్పుడు మాట్లాడేది కాదు, కానీ మొహం చూస్తే తెలిసేది. అంత సంతోషంగా ఉన్న మనిషిని క్యాంటీన్ కౌంటరు వెనక నేనెప్పుడూ చూడలేదు.

మొదటిరోజు సాయంత్రం ఆగినప్పుడు అందరం బూట్లు విప్పుకుని కూర్చున్నాం. ఆవిడా బూట్లు విప్పుకుని కూర్చుంది. సారు నన్ను పక్కకి పిలిచి, "ఏమిటయ్యా, ఆవిడ వంట మొదలుపెట్టదా?" అని మెల్లగా అడిగారు. ఆయన మెల్లగా అన్నా ఫర్నేసు హోరులో అలవాటైన గొంతు కదా, కొండంతా వినబడింది.

"సారూ, నాను నడవడానికొచ్చినాను," అంది ఆవిడ.

గొంతులో కోపం లేదు. సారు ఎర్రబడి, వెళ్ళి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టారు. నేను కిరసనాయిలు పంపు స్టవ్వు వెలిగించి, ఎనిమిదిమందికీ అన్నం అనబడేది ఒకటి వండాను. ఆవిడ తన డబ్బా మీద తన గిన్నెలో గుప్పెడు బియ్యం, గుప్పెడు పెసరపప్పు వేసి వండుకుని, మా వైపు చూడకుండా తింది. చూస్తే పెట్టేస్తానని ఆవిడ భయం, అది నాకు తర్వాత అర్థమైంది.

రెండోరోజు మధ్యాహ్నం దిగుడులో నా కాలు జారింది. వీపున ఉన్న మూటతో సహా కూలబడ్డాను. దెబ్బేమీ తగల్లేదు. సాయంత్రం ఆగి మూట విప్పితే తెలిసింది. కిరసనాయిలు డబ్బానీ బియ్యాన్నీ పిండినీ ఒకే మూటలో కట్టిన మహానుభావుణ్ణి నేనే. మూత వదులై చమురంతా బియ్యంలోకి, పిండిలోకి దిగింది. ఒకాయన బియ్యం తీసుకెళ్ళి వాగులో ఐదుసార్లు కడిగాడు, వాసన పోలేదు. స్టవ్వుకి చమురూ లేదు. దగ్గరి ఊరు చేరడానికి మర్నాడు మధ్యాహ్నమౌతుంది. చలి అప్పుడే ఎముకల్లోకి దిగుతోంది. పొద్దుటినుంచి అటుకులు తప్ప ఎవరి కడుపులోనూ ఏమీ లేదు.

నన్ను ఎవరూ తిట్టలేదు. అందరూ ఆవిడ వైపు చూశారు. ఎవరూ అడగలేదు కూడా. కానీ ఆకలితో ఉన్న ఎనిమిదిమంది అలా చూడటమంటే అడగడమే.

ఆవిడ లేచింది. మా పెద్ద గిన్నె తీసుకుంది. పదిహేనేళ్ళు వందలమందికి టీ అందించిన చేతులు, ఆకలి మొహం కనబడితే వాటంతటవే కదులుతాయి. వాగు వైపు నాలుగడుగులు వేసి ఆగిపోయింది. వీపు మా వైపు ఉంది. గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని అలా నిలబడే ఉంది. ఆ నాలుగడుగులూ ఇంకో నాలుగైతే మళ్ళీ క్యాంటీన్‌కి వెళ్ళిపోయినట్టే. అది ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. కుక్ అని రాసింది నేనే కాబట్టి నాకు ఇంకా బాగా తెలుసు. నన్ను అప్పుడు ఎవరైనా లాగి ఒక్కటిచ్చినా బాగుండేది.

ఆవిడ వెనక్కి తిరిగి వచ్చి గిన్నె కింద పెట్టింది.

"డబ్బాలు తియ్యండి. ఉన్నవన్నీ తియ్యండి," అంది.

పాలపొడి డబ్బాలు, బిస్కెట్ల డబ్బా, అటుకుల డబ్బా, నెయ్యి డబ్బా, అడుగున మిగిలిన పిసరు కూడా దులిపించి అన్నీ ఖాళీ చేయించింది. తన సంచీలోంచి దారానికి కట్టి ఉన్న లావుపాటి మేకు ఒకటి తీసి ఇచ్చింది. రాయే సుత్తి. ఎక్కడ కంత పడాలో వేలు పెట్టి చూపించింది గానీ ఒక్క దెబ్బ కూడా తను కొట్టలేదు. రోజూ వేల టన్నుల ఇనుము కరిగించే మనుషులం, డబ్బారేకుకి తిన్నగా కంత పెట్టడానికి తల కిందులయ్యాం. సారు బొటనవేలు చితక్కొట్టుకున్నారు. చీకటిపడే లోపల మూడు పొయ్యిలు తయారయ్యాయి, మూడూ సొట్టలే. పుల్లలకి అందర్నీ తరిమింది. ఎవరి పుల్లలు వాళ్ళచేత చెవి దగ్గర విరిపించింది. చలిలో, అడవిలో, ఎనిమిదిమంది మొగాళ్ళు పుల్లలు చెవికి ఆనించుకుని శ్రద్ధగా వింటున్న ఆ దృశ్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

అప్పుడు తన సంచీ విప్పి, మిగిలిన రోజులకి దాచుకున్న బియ్యం, పప్పు మొత్తం గుడ్డ మీద పోసింది. తొమ్మిది పోగులు పెట్టింది. తన పోగు మాతో సమానంగానే ఉంది, గింజ ఎక్కువ లేదు.

"బియ్యం నావి. వొంట మీది," అంది.

సారు పొయ్యికి కింద కంతల్లో నిప్పు పెట్టారు. గుప్పున పొగ లేచింది. దగ్గుతూ కళ్ళు తుడుచుకుంటుంటే ఆవిడ, "సారూ, నెత్తిమీద అంటించండి," అంది. ఆయన పుల్లలన్నీ తీసి, మళ్ళీ పేర్చి, పైన ఆకులు వేసి అంటించారు. కాసేపటికి మెడ చుట్టూ మంటలు లేచాయి. ఆయన వంగి ఆ రెండు డబ్బాల సందు వైపు చాలాసేపు చూశారు.

"ఇది మా ఫర్నేసు పద్ధతే కదా. గాలిని ముందు వేడెక్కించి ఊదడం," అన్నారు. "నీకెలా తెలుసమ్మా ఇది?"

"మరేటనుకున్నారు? పదిహేనేళ్ళు టీ తాగతా మీరు మాటాడుకున్నారు. నాను ఇన్నాను."

సారు వంగి పుల్ల ఒకటి సరిచేశారు. నాకు మాత్రం ఛాతీ పొంగిపోయింది, ఆ పొయ్యి నేనే కనిపెట్టినంత గర్వంగా. నిజానికి నేను చేసినదల్లా కిరసనాయిలు ఒలకబోయడమే.

ఆ రోజు ఇద్దరు ముగ్గురికొక పొయ్యి చొప్పున, వంతులవారీగా, ఎవరి పోగు వాళ్ళం వండుకున్నాం. ఒకాయనది జావ అయింది. ఒకాయనది పలుకు మీదే దిగిపోయింది. సారుది అడుగంటింది. ఆయన అడుగు కూడా చెంచాతో గీకి తిని, ఎవరైనా రుచి చూస్తారా అని అందరినీ అడిగారు. ఎవరూ ముందుకు రాలేదు. ఆవిడ తన డబ్బా మీద తనది వండుకుని తింటూ, ఈసారి మా వైపే చూస్తూ కూర్చుంది.

తిరిగొచ్చాక ఆ వారంలోనే ఒక సాయంత్రం సెక్టర్ ఆరులో మా క్లబ్బు గదికి వచ్చింది. సారు కూడా ఉన్నారు. రావడంతోనే, "ఎల్లొచ్చినాం గదా బాబూ. రిజిస్టరు తియ్యి," అంది.

నేను అప్పటికే సిద్ధంగా ఉన్నాను. పేజీ తీసి, ఆవిడ పేరు పక్కనున్న మాటని కొట్టెయ్యడానికి పెన్ను ఆనించాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

"కొట్టేకు. అందులో తప్పేటుంది? నాను వొండుకున్నాను, రాసినావు. అలాగే ఉండనీ," అంది. "మరి మీరందరూ వొండుకోనేదేటి? మిగతావోళ్ళకి కూడా రాయి."

నేను సారు వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "మొదట నాది రాయి," అన్నారు.

రాశాను. ఎనిమిదిసార్లు, నా పేరు పక్కన కూడా. బ్లాస్ట్ ఫర్నేసు సీనియర్ ఇంజినీరు, కుక్. రోలింగు మిల్లు ఫోర్‌మన్, కుక్. సెక్రటరీ, కుక్. కింద సారు సంతకం పెట్టారు. ఆవిడ పై నుంచి కింది దాకా ఒక్కో పేరు మీదా వేలు పెట్టుకుంటూ వచ్చి, తన పేరు దగ్గర ఆగి, తలాడించింది. తర్వాత వెళ్ళి, ఆ గదిలో ఎప్పుడూ సారు తప్ప ఎవరూ కూర్చోని చేతుల కుర్చీలో కూర్చుంది.

"ఇంతమంది వొంటోళ్ళున్నారు గదా," అంది. "టీ ఎవులు పెడతారు?"

సారూ నేనూ ఒకేసారి లేచాం.